సెంటు, గంధం, పౌడరు ఒంటికి పడకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో మందుల షాపు నడుపుతాను. డాక్టర్ని కాదు. "అన్నా, గోకి గోకి తోలు పోతా ఉంది, మొన్న ఇచ్చిన ట్యూబే ఇంకొకటి ఇయ్యి" అంటూ రోజుకు ఒకరైనా కౌంటర్ దగ్గరికి వస్తారు. వాళ్లలో కొందరు ముందుకు వంగి మెడ చూపిస్తుంటే సెంటు వాసన గుప్పుమంటుంది. దురదకూ ఆ వాసనకూ సంబంధం ఉండొచ్చని చెబితే నమ్మరు. మా అమ్మ విషయంలో మూడేళ్లు నాకూ తట్టలేదు. అందుకే జనం అడిగే ప్రశ్నలకు, చర్మ డాక్టర్లను అడిగీ చదివీ తెలుసుకున్న జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

వాసనకు ఒంటి మీద దద్దుర్లు ఎందుకు వస్తాయి?

సబ్బులో వచ్చే మల్లె వాసన వెనక ఒక్కోసారి పదుల కొద్దీ రసాయనాలు ఉంటాయి. వాటిలో కొన్ని చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటాయి. మన రోగనిరోధక కణాలు దాన్ని పరాయి వస్తువుగా చూసి గుర్తుపెట్టుకుంటాయి. అలా గుర్తుపెట్టుకోవడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. అప్పుడు పైకి ఏమీ కనిపించదు. ఆ తర్వాత అదే పదార్థం మళ్లీ తగిలితే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎర్రబడడం, దురద, చిన్న పొక్కులు, నీరు కారడం మొదలవుతాయి.

ఈ ఆలస్యం వల్లే అసలు కారణం దొరకదు. ఆదివారం పెళ్లికి కొట్టుకున్న సెంటుకు మంగళవారం దురద పుడుతుంది. నింద మాత్రం సోమవారం తిన్న వంకాయ కూర మీద పడుతుంది.

మంట పుడితే అలర్జీ అనుకోవచ్చా?

అన్నిసార్లూ కాదు. ఘాటైన పదార్థం చర్మాన్ని నేరుగా కాల్చడం వేరు, అలర్జీ వేరు. ఫినాయిల్ నీళ్లలో గంటసేపు చేతులు పెడితే ఎవరికైనా మండుతుంది. అలర్జీ కొందరికే వస్తుంది, కానీ వచ్చినవాళ్లకు చాలా కొంచెం తగిలినా చాలు.

చిత్తూరు వాళ్లకు ఇది మామిడికాయతో చెబితే తొందరగా అర్థమవుతుంది. తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన తగిలితే దాదాపు అందరికీ పొక్కుతుంది. అది కాల్చడం. సొన తగలకపోయినా, కాయ తొక్క కొరికిన రెండు రోజులకు కొందరికి మూతి చుట్టూ దురదతో చిన్న పొక్కులు లేస్తాయి. అది అలర్జీ. సెంట్లు కూడా ఈ రెండు పనులూ చేయగలవు. కొట్టుకున్న వెంటనే చురుక్కుమని గంటలో తగ్గిపోతే మొదటిది. రెండో రోజు మొదలై వారమైనా వదలకపోతే రెండోదేమోనని అనుమానించాలి.

ఇరవై ఏళ్లుగా ఇదే పౌడరు వాడుతున్నా. ఇప్పుడెందుకు పడదు?

నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. మా అమ్మ కూడా అచ్చం ఇలాగే అడిగింది.

అమ్మ రోజూ తెల్లవారుజామున స్నానం చేసి మెడకు, వీపుకు పౌడరు అద్దుకుని పూజకు కూర్చుంటుంది. నాకు జ్ఞానం వచ్చినప్పటి నుంచీ ఇంట్లో అదే డబ్బా. అరవై దాటాక మెడకు రెండు వైపులా సన్నటి దురద మొదలైంది. తర్వాత ఆ చోటు నల్లబడింది. తాళిబొట్టు గొలుసు ఒరుసుకుంటోందనుకుని పసుపుతాడు కట్టుకుంది. తగ్గలేదు. ఒక క్లినిక్‌లో ఫంగస్ అని మందు రాశారు. ఇంకోచోట షుగర్ వల్ల నలుపు అన్నారు. షాపులో ఉన్న ట్యూబులు నేనే తెచ్చి ఇచ్చాను, అది నా తప్పు. రాసినన్నాళ్లు తగ్గేది, మానగానే వచ్చేది. మూడో ఏడు ఒక చర్మ డాక్టరమ్మ మెడను లైటు కింద పట్టి చూసి, "పౌడరు ఎక్కడిదాకా రాస్తారు, చేత్తో చూపించండి" అని అడిగింది. అమ్మ చెయ్యి సరిగ్గా ఆ నల్లమచ్చ అంచు వెంబడే తిరిగింది.

అలర్జీ కొత్త వస్తువుకే రావాలని లేదు. ఎన్నేళ్లు తగిలితే అన్ని అవకాశాలు. వయసుతో చర్మం పొడిబారినా, గోకుడుకు పైపొర చిట్లినా పదార్థం లోపలికి సులువుగా దిగుతుంది. పైగా డబ్బా పేరు మారకుండానే కంపెనీలు లోపలి సెంటు మార్చేయొచ్చు.

తామర మందు రాస్తే తగ్గడం లేదు. ఎందుకు?

మన భాషలో ఉన్న చిక్కు ఇది. ఫంగస్ వల్ల గుండ్రంగా పాకే దాన్నీ తామర అంటాం, ఫంగస్ లేకుండానే చర్మం ఎర్రబడి దురద పెట్టే ఎగ్జిమానూ తామర అంటాం. మొదటిది అంటుకుంటుంది, దానికి ఫంగస్ మందు కావాలి. సెంటు వల్ల వచ్చేది ఎగ్జిమా. అది ఎవరికీ అంటుకోదు, ఫంగస్ మందుకు లొంగదు. షాపుకొచ్చి "తామరకు మందు" అంటే ఇచ్చేవాడికి ఏది ఇవ్వాలో తెలియదు. మచ్చను డాక్టరుకు చూపించాల్సిందే.

డబ్బా మీద ఏ పేర్లు చూడాలి?

మన దగ్గర చాలా డబ్బాల మీద పదార్థాల వరసలో చివరికి వచ్చేసరికి "పెర్ఫ్యూమ్" లేదా "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క మాట ఉంటుంది. ఆ మాట వెనక ఏముందో మనకు తెలియదు. ఐరోపాలో అలా కుదరదు. 26 వాసన పదార్థాలను పేరుపేరునా రాయాలని 2003లోనే నిర్ణయించి 2005 నుంచి అమల్లో పెట్టారు. ఒంటి మీద ఉండిపోయే క్రీములో 0.001 శాతం, కడిగేసే సబ్బులో 0.01 శాతం దాటితే పేరు రాయాలి. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. కొత్తగా మార్కెట్లోకి వచ్చేవాటికి అది 2026 జులై 31 నుంచి వర్తిస్తుంది. లిరాల్ అనే వాసన పదార్థం చాలామందికి అలర్జీ తెస్తోందని 2021 ఆగస్టు తర్వాత అక్కడ అమ్మకానికే లేకుండా చేశారు. మన డబ్బాల మీదా ఆ పేర్లన్నీ రాయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అంతదాకా, పేర్లు రాసిన డబ్బా దొరికితే చదవడం నేర్చుకోవాలి.

పేర్లు కొత్తవే కానీ వాసనలు మన వంటింటివే. యూజెనాల్ లవంగంలో, తులసిలో ఉంటుంది. సిన్నమాల్ దాల్చినచెక్క వాసన. సిట్రాల్ నిమ్మగడ్డిది, జెరానియాల్ గులాబీది. లినలూల్ లావెండర్‌లోనే కాదు, ధనియాల నూనెలోనూ ఎక్కువే. లిమోనిన్ నిమ్మ, నారింజ తొక్కల్లో ఉంటుంది. ఈ చివరి రెండూ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయవు. గాలి తగిలి పాతబడితేనే అలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. కాబట్టి మూత సరిగా పడని పాత సీసా, మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో మగ్గిన సీసా పారేయండి. సగం ఉంది కదా అని దాచుకోవద్దు.

అవన్నీ కెమికల్స్. నేచురల్‌వి వాడితే సరిపోతుంది కదా?

సరిపోదు. ఇప్పుడే చెప్పిన యూజెనాల్, జెరానియాల్ చెట్ల నుంచి వచ్చినవే. అది లవంగంలోదా, ఫ్యాక్టరీలోదా అన్న తేడా చర్మానికి తెలియదు. మంచి గంధం నూనె కూడా కొందరికి పడదు. ఐరోపా కొత్త జాబితాలో అదీ చేరింది.

సున్నిపిండి గురించి ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో అందులో బావంచాలు కలుపుతారు. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. తెల్లమచ్చలకు ఎండ పెట్టి చేసే వైద్యంలో వాడేది ఈ జాతి పదార్థాన్నే. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి, పొక్కి, ఆపైన నల్లబడొచ్చు. బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ నూనెలో కూడా ఇలాంటిదే ఉంది. ఆ నూనె కలిసిన సెంటు మెడ మీద కొట్టుకుని ఎండలో తిరిగితే, సెంటు కారిన దారి వెంబడే నల్లటి చారలు పడొచ్చు. పెసరపిండి ఒక్కటీ వాడుకునేవాళ్లకు ఈ బాధ లేదు.

మన ఊరి మాట ఇంకొకటి. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనానికి చందనం వాసన ఉండదు. కాబట్టి ఎర్రచందనం పేరు పెట్టుకున్న సబ్బు గుమగుమలాడుతోందంటే ఆ వాసన విడిగా కలిపిందే.

కొండ మీద గుండు చేయించుకుని గంధం రాసుకుంటే తల పొక్కింది. గంధం చలువ కదా?

గంధం చెక్కను సానరాయి మీద నీళ్లతో అరగదీసి రాసుకుంటే చాలామందికి చలవగానే ఉంటుంది. చిక్కు రెండు చోట్ల వస్తుంది.

మొదటిది కత్తి. కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చిన గుండును దగ్గరగా చూడండి. పైకి నున్నగా ఉన్నా, చెవుల వెనక, మెడ పైన సన్నటి గీతలు, సూదిమొనంత ఎర్రటి చుక్కలు ఉంటాయి. కత్తి వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కొంత గీకేస్తుంది. మామూలుగా లోపలికి దిగని పదార్థాలు అప్పుడు సులువుగా దిగుతాయి. రెండోది, గంధం పేరుతో అమ్మేదంతా గంధం కాదు. అసలు చందనం ధర తెలిసినవాళ్లకు, పది, ఇరవై రూపాయలకు వచ్చే పొట్లంలో అది ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. రంగు, సెంటు కలిపిన మామూలు పొడులూ ఉంటాయి.

గుండు చేయించుకున్నాక చల్లటి నీళ్లతో తలస్నానం చేసి మెత్తటి గుడ్డతో అద్దండి. మంటగా ఉంటే సెంటు లేని కొబ్బరినూనె పలచగా రాయండి. గంధం పెట్టుకోవాలని ఉంటే నుదుట బొట్టులా పెట్టుకోండి. గుండంతా మెత్తాలంటే రెండు రోజులు ఆగండి. పుట్టెంట్రుకలు తీయించిన పసిపిల్లల తలకు మాత్రం పొడి గంధం మెత్తవద్దని తల్లులను బతిమాలుతున్నాను. వాళ్ల చర్మం పలచన, పడకపోతే నోరు తెరిచి చెప్పలేరు.

అగరబత్తి, సాంబ్రాణి పొగకు కూడా వస్తుందా?

వస్తుంది. పొగతో, గాలితో వచ్చే అలర్జీకి గుర్తులు ఎక్కడంటే కనురెప్పలు, మెడ, చెవుల వెనక, మోచేతి మడతలు. బట్ట కప్పిన చోట ఉండదు. సాంబ్రాణి చెట్టు బంక. అలర్జీ పరీక్షల్లో వాడే పెరూ బాల్సమ్ కూడా అలాంటి చెట్టు బంకే. రెండింట్లో కలిసే పదార్థాలు ఉన్నాయి, ఒకటి పడనివాళ్లకు రెండోదీ పడకపోవచ్చు. తలంటి పోశాక బిడ్డకు సాంబ్రాణి వేసే ఇళ్లలో, బిడ్డతో పాటు తల్లి కనురెప్పలు కూడా గమనించండి.

అయితే మన ప్రాంతంలో ఇలాంటి దద్దుర్లకు ఇంకో పెద్ద కారణం వయ్యారిభామ మొక్క. ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన విరగబూసే ఈ కలుపు నలుసులు గాలిలో వచ్చి ముఖం మీద, మెడ మీద పడతాయి. చామంతి కూడా అదే కుటుంబం. దండలు కట్టేవాళ్ల వేళ్ల చివర్లు పగిలి దురద పెడుతుంటే చామంతిని అనుమానించాలి. అగరబత్తి ఆపినా తగ్గకపోతే ఈ కోణంలో చూడమని డాక్టరును అడగండి.

బొట్టు పెట్టుకునే చోట నల్లగా, తెల్లగా అవుతోంది. అదీ సెంటేనా?

చాలావరకు కాదు. కుంకుమలో రంగులు, స్టిక్కర్ బిళ్లలో జిగురు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. జిగురులోని కొన్ని పదార్థాలు చర్మానికి రంగునిచ్చే కణాలనే దెబ్బతీస్తాయి, అప్పుడు తెల్లమచ్చ పడుతుంది. తెలుపు కనిపించిన రోజే స్టిక్కరు మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. దాని మీద ఇంకో స్టిక్కరు పెట్టి కప్పుకోవద్దు.

గంగమ్మ జాతరకు వేషం కట్టే మొక్కు ఉంది. కిందటేడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. మొక్కు మానాలా?

మానమని నేను చెప్పను. బైరాగి వేషానికి నామంకొమ్ము, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. పాతకాలంలో ఇవన్నీ వాసన కలపని సరుకులే. మే నెల చెమటకు చర్మం నాని ఉంటుంది, పూసుకున్నది గంటల తరబడి ఒంటిమీదే ఉంటుంది. అలాంటప్పుడు సెంటు కలిపిన పొడి పూసుకుంటే పొక్కడం వింతేమీ కాదు. జాతరకు రెండు వారాల ముందే ఆ సరుకు కొని, కింద చెప్పిన మోచేతి పరీక్ష చేసుకోండి. వేషం తీయగానే ఎక్కువ నీళ్లతో, రుద్దకుండా కడుక్కోండి. పోయినసారి పొక్కింది కుంకుమ పూసుకున్న బండ వేషానికా, గంధం పూసుకున్న దొర వేషానికా అన్నది గుర్తు తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

చంకల్లో దద్దుర్లు. డియోడరెంట్ వల్లా, చొక్కా వల్లా?

దద్దుర్లు చంక గుంటలోనే ఉంటే డియోడరెంట్‌ను అనుమానించాలి. గుంట వదిలేసి చుట్టూ అంచున ఉంటే బట్ట రంగును అనుమానించాలి.

రక్తపరీక్షలో తెలుస్తుందా?

తెలియదు. "అలర్జీ ప్యానెల్" అని వేలకు వేలు పోసి చేయించుకున్న రిపోర్టులు నా దగ్గరికి చాలా వస్తాయి. అవి వేరే రకం అలర్జీకి. సెంట్ల వల్ల వచ్చే ఈ ఆలస్యపు అలర్జీని పట్టేది ప్యాచ్ టెస్ట్.

చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీల్లో ఒక్కో పదార్థం కొంచెం పెట్టి వీపు పైభాగంలో అంటిస్తారు. సోమవారం అంటిస్తే బుధవారం తీసి చూస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. రెండోసారి చూడడం ముఖ్యం, కొన్ని ఆలస్యంగా పైకి వస్తాయి. సెంట్లకు "ఫ్రాగ్రెన్స్ మిక్స్" అనే మిశ్రమం వాడతారు. మొదటి మిక్స్‌లో లవంగం, దాల్చినచెక్క వాసనలతో సహా ఎనిమిది పదార్థాలు, రెండో దానిలో ఆరు. పట్టీ ఉన్నన్నాళ్లు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. తిరుపతి ఎండల్లో అది నరకం, పట్టీ జారిపోతే పరీక్ష వృథా. వీలైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి. వీపు మీద స్టెరాయిడ్ క్రీము రాస్తున్నా, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నా ముందే చెప్పాలి.

ఎక్కడ చేయించాలంటే, మన దగ్గర రుయా ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించుకుని అడగండి. చిత్తూరు వైపు వాళ్లు ఎటూ వేలూరు సీఎంసీకి వెళుతుంటారు. ఎక్కడికైనా ఏ రోజు చేస్తారో కనుక్కుని బయల్దేరండి, వారంలో మూడుసార్లు తిరగాల్సిన పని ఇది. వెళ్లేటప్పుడు ఒంటికి, తలకు, బట్టలకు, ఇంట్లో పూజకు వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మీవే కాదు, భర్త కొట్టుకునే సెంటు, పిల్లల నూనె కూడా. పక్కవాళ్ల సెంటు వల్ల దద్దుర్లు రావడం ఉన్నదే.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఏదైనా ఉందా?

క్రీము, నూనె, సెంటు లాంటి ఒంటి మీద ఉండిపోయే వస్తువులకు ఉంది. మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత చోట రోజూ రెండుసార్లు, వారం నుంచి రెండు వారాల దాకా రాయండి. దురదో ఎరుపో వస్తే అక్కడితో ఆపేయండి. సబ్బు, షాంపూలతో ఇలా చేయకూడదు, అవి ఎవరికైనా మండుతాయి. దద్దుర్లు ఇంకా ఉన్న సమయంలో కూడా చేయొద్దు.

అంతవరకు ట్యూబు రాసుకోవచ్చా?

చీటీ లేకుండా అడగకండి, నేను ఇవ్వను. దురదకు అందరూ వాడే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. ఇలాంటి క్రీముల్ని డాక్టరు చీటీ మీదే అమ్మాలని 2018లో ప్రభుత్వం నిబంధన బిగించింది. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే అవి మంచి మందులే. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, నరాలు తేలి, మానగానే ముఖం ఎర్రగా మండిపోతుంది. అప్పుడు మొదటి జబ్బు కంటే ఇది పెద్దదవుతుంది.

డాక్టరును కలిసేదాకా వాసన ఉన్నవన్నీ ఆపండి. చల్లటి నీళ్లలో తడిపిన పాత నూలుగుడ్డ పది నిమిషాలు వేయండి. ఉత్త పెట్రోలియం జెల్లీ రాయండి. నిమ్మరసం, వెల్లుల్లి, పసుపు, వేపాకు ముద్ద లాంటివేవీ పుండు మీద పెట్టొద్దు. పెదవులు, కళ్లు ఉబ్బి ఊపిరి ఆడకపోతే ఇవేవీ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

"ఫ్రాగ్రెన్స్ ఫ్రీ", "అన్‌సెంటెడ్" ఒకటేనా?

కాదు. మొదటిది సెంటు కలపలేదని. రెండోది వాసన రాదని మాత్రమే. అసలు వాసనను కప్పడానికి ఇంకో సెంటు కలిపి ఉండొచ్చు. పడనివాళ్లు మొదటి మాట ఉన్నదే కొనాలి, కొన్నాక కూడా వెనక పదార్థాల వరస చదవాలి.

ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుందా? పూలు కూడా పెట్టుకోకూడదా?

శరీరం మరచిపోదు, ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కానీ ఆ పదార్థం తగలకపోతే జబ్బు లేనట్టే. ఆపాక దద్దుర్లు తగ్గడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. రెండో వారానికే "ఆపినా తగ్గలేదు" అని పాత డబ్బా మళ్లీ తీయొద్దు. నల్లమచ్చ ఇంకా నెమ్మది, నెలలు తీసుకుంటుంది.

అమ్మకు ప్యాచ్ టెస్ట్‌లో ఫ్రాగ్రెన్స్ మిక్స్ దగ్గర ఎర్రటి గుండ్రం లేచింది. పౌడరు, సెంటు సబ్బు, వాసన నూనె మానేసింది. డాక్టరమ్మను ఆమె అడిగింది ఒక్కటే, మల్లెపూలు పెట్టుకోవచ్చా అని. కొప్పుకు పైగా, మెడకు తగలకుండా వారం పెట్టుకుని చూడమన్నారు. ఏమీ కాలేదు. దురద నెలన్నరకు పోయింది, నలుపు తగ్గడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మూర మల్లెలు కొప్పు చుట్టూ చుట్టి, మెడ వైపు వేలాడే కొసను పిన్నుతో పైకి గుచ్చుకుంటుంది.